తారల ఇనుము, తల్లి రక్తం

హిజ్రీ 396వ సంవత్సరం, అనగా క్రీ.శ. 1006. ఏప్రిల్ నెలాఖరున వృశ్చిక రాశి వైపున, అంతకు ముందెన్నడూ లేని నక్షత్రమొకటి ఆకాశంలో వెలిగింది. ఈజిప్టులో అప్పుడప్పుడే విద్యాభ్యాసం మొదలుపెట్టిన అలీ ఇబ్ను రిద్వాన్ అనే యువకుడు దానిని చూశాడు. అది శుక్రుని కంటే రెండున్నర నుండి మూడు రెట్లు పెద్దదిగా కనిపించిందనీ, దాని వెలుగు చంద్రుని వెలుగులో నాల్గవ వంతుకు కాస్త పైగా ఉండిందనీ తరువాతి కాలంలో రాసిపెట్టాడు. ఆనాటి గ్రహాల స్థానాలను కూడా లెక్కగట్టి నమోదు చేశాడు. ఆ నక్షత్రపు అవశేషాన్ని 1965లో శాస్త్రజ్ఞులు గుర్తించడానికి ఇటువంటి పాత రాతలే తోడ్పడ్డాయి.

అయితే ఇంత శ్రద్ధగా చూసిన ఆ మహావైద్యుడే, ఆ కాలంలో వచ్చిన యుద్ధాలకూ కరువులకూ ఆ నక్షత్రాన్నే కారణం చేశాడు. జ్యోతిషం ఆయన కాలపు పండితులలో అనేకులను పట్టుకున్న జబ్బు. దానిని ఖండిస్తూ ఇబ్ను సీనా ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాయవలసి వచ్చింది.

ఇంతకూ ఇబ్ను రిద్వాన్ చూసినదేమిటి? సుమారు 7,000 కాంతి సంవత్సరాల దూరంలో, ఇంధనం అయిపోయి భూమి అంత పరిమాణానికి కుంచించుకుపోయిన ఒక నక్షత్రం పేలిపోయింది. ఇటువంటి పేలుడులో కొన్ని క్షణాలలోనే నికెల్ అనే లోహం అపారంగా తయారవుతుంది. సాధారణంగా దాని బరువు సూర్యుని బరువులో సగం దాకా ఉంటుంది. ఆ నికెల్ కొద్ది రోజులలో కోబాల్టుగా, కోబాల్టు కొన్ని నెలలలో ఇనుముగా మారుతుంది. మారుతూ అది విడిచే శక్తే మన కంటికి వెలుగుగా కనిపిస్తుంది. అంటే ఆ యువకుడు యుద్ధ సూచనగా భావించిన ఆ కాంతి, నిజానికి ఇనుము పుడుతున్న కాంతి.

మన భూమిలోని ఇనుము ఆ నక్షత్రానిది కాదు. సూర్యుడు పుట్టి దాదాపు 460 కోట్ల సంవత్సరాలైంది. అంతకు ముందే పేలిపోయిన ఎన్నో నక్షత్రాల బూడిద నుండి మన ఇనుము వచ్చింది. సృష్టి ఆరంభంలో ఉన్నవి హైడ్రోజన్, హీలియం, మరీ స్వల్పంగా లిథియం మాత్రమే. మన ఎముకలలోని సున్నమూ, మనం పీల్చే ప్రాణవాయువూ నక్షత్రాలలో తయారైనవే. పెద్ద మనిషి దేహంలో ఉండే ఇనుము సుమారు 4 గ్రాములు, ఒక చిన్న మేకంత. అందులో మూడింట రెండు వంతులు రక్తంలోనే ఉండి, ప్రాణవాయువును దేహమంతటికీ మోస్తుంది.

ఇక్కడ మా విద్యార్థులు ఉత్సాహంగా సూరా హదీద్ 25వ ఆయతును ముందుకు తెస్తారు. అల్లాహ్ ఇనుమును దింపాడని అందులో ఉంది కదా, శాస్త్రం నేడు కనుగొన్నది అదే కదా అంటారు. వారి ఉత్సాహాన్ని మేము కాదనము. కానీ దివ్యఖుర్ఆన్ అదే క్రియను సూరా జుమర్‌లో పశువులకూ, సూరా ఆరాఫ్‌లో వస్త్రాలకూ వాడింది. పశువులు ఆకాశం నుండి ఊడిపడలేదు. గ్రంథపు గౌరవం శాస్త్రజ్ఞుల సాక్ష్యం మీద ఆధారపడి లేదు గనుక తొందరపడనవసరం లేదని వారికి చెబుతుంటాము.

మమ్మల్ని కలవరపెట్టేది వేరొకటి ఉంది. సూర్యుడు కూడా ఒక నక్షత్రమే. దానికి గ్రహణం పట్టిన రోజున మన ముస్లిం కుటుంబాలలో కూడా గర్భవతిని గదిలో కూర్చోబెట్టి, కదలవద్దు, కత్తి పట్టవద్దు, బిడ్డకు గ్రహణం మొర్రి వస్తుంది అని భయపెడుతున్నారు. దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం మరణించిన దినానే గ్రహణం పట్టింది. అది క్రీ.శ. 632 జనవరి. ఆ పసివాని మరణమే అందుకు కారణమని ప్రజలు అనుకున్నారు. పుత్రశోకంలో ఉండి కూడా ప్రవక్త (స) ఆ మాటను సాగనివ్వలేదు. ఎవరి చావుకూ, ఎవరి పుట్టుకకూ గ్రహణం పట్టదని స్పష్టం చేసి, నమాజు చేయమన్నారు. గ్రహణం నాటి ఆ నమాజులో హజ్రత్ ఆయిషా (రజి), హజ్రత్ అస్మా (రజి) నిలబడ్డారని హదీసు గ్రంథాలలో ఉంది.

గ్రహణం రోజున అంత జాగ్రత్త పడే ఇంట్లోనే, ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చిన ఎర్రని ఐరన్ మాత్రలు అలమరలో మిగిలిపోతుంటాయి. వికారంగా ఉందని కోడలు మానేస్తుంది, అత్తగారు అడగరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశపు గర్భవతులలో సగానికి పైగా రక్తహీనులు. కడుపులోని బిడ్డకూ నక్షత్రాలకూ నిజంగా సంబంధం ఉన్నది ఆ మాత్రలోనే. నాలుగో నెల నుండి 180 రోజులు రోజుకొకటి వేసుకోవాలి. టీతో వేసుకుంటే ఇనుము ఒంటబట్టదు, నిమ్మరసం తోడైతే బాగా పడుతుంది. వికారం ఎక్కువైతే డాక్టరును అడగాలే గాని మానరాదు.

2027 ఆగస్టు 2న సంపూర్ణ సూర్యగ్రహణం రానుంది. దాని నీడ పవిత్ర మక్కా మీదుగా సాగుతుంది. మన దేశంలో చాలాచోట్ల అది పాక్షికంగా కనిపిస్తుంది. మసీదులలో సలాతుల్ కుసూఫ్‌కు ఇప్పటినుండే ఏర్పాట్లు ఆలోచించవచ్చు. ఒట్టి కళ్ళతో సూర్యుని వైపు ఎవరూ చూడరాదు. ఇంట్లో గర్భవతి ఉంటే ఆమెను కూడా నమాజుకు నిలబడనివ్వండి, ఆ రోజు మాత్ర కూడా గుర్తుచేయండి.