నలికిరుల వంశవృక్షము

కవ్వాల్ టేకు అడవులలో రాలిన ఆకుల క్రింద సరసరమను చప్పుడు వినవచ్చినప్పుడును, కరీంనగరు పొలపుగట్ల రాళ్ల సందున ఎఱ్ఱని తోక యొకటి తళుక్కుమని మాయమైనప్పుడును, పాముపిల్ల యని కఱ్ఱ యెత్తువారు కలరు. అది పాము కాదు. విషమన్నది లేక పురుగులను తిని బ్రతుకు నలికిరి.

ఆ యెఱ్ఱతోక 'రియోపా పంక్టేటా' అను జాతికి శైశవచిహ్నము. పసితనమున మేనిపై బంగారు చారలును, వెనుక అగ్నివర్ణపు తోకయు నుండి, పెరిగినకొలది ఆ వన్నెలు మాసి చుక్కల గోధుమరంగు మాత్రమే మిగులును. శత్రువు చూపు తలపై గాక తోకపై నిలుచుటకే యీ రంగని శాస్త్రజ్ఞుల యూహ; తోక తెగినను మరల మొలచును, ప్రాణము దక్కును. 'యూట్రోపిస్ మాక్యులేరియా' అను కంచువన్నె నలికిరియందు, సంతానకాలమున మగదాని పార్శ్వములు కెంపు దాల్చును. ఇట్లు వయస్సును, లింగమును, ఋతువును బట్టి మాఱు వన్నెను నమ్మి వర్గీకరించినచో తల్లిని, బిడ్డను వేర్వేఱు జాతులుగ వ్రాయవలసి వచ్చును.

కావుననే శాస్త్రజ్ఞులు పొలుసులను ఆశ్రయించిరి. వీపు పొలుసుపై నిలువుగ లేచిన సన్నని గీఱలు 'యూట్రోపిస్ కేరినేటా' అను పెద్ద నలికిరికి సాధారణముగ మూడు, కంచువన్నెదానికి ఐదు లేక అంతకు మించి యుండును. భూతద్దము పట్టి వానిని లెక్కించువారి ఓర్పు నిజముగ పూజ్యము. అట్టి ఓర్పుతోనే భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు చెందిన ఆర్.సి.శర్మ 1969లో నాగార్జునకొండనుండి రెండు నూతన జాతులను లోకమునకు తెలిపి, ఒకదానిని మబూయా ప్రజాతియందును, అశ్వమేధము పేరిట వెలసిన రెండవదానిని రియోపాయందును చేర్చెను.

అయితే మబూయా అప్పటికే మిక్కిలి పెద్ద ఉమ్మడి కుటుంబము. అమెరికా, ఆఫ్రికా, ఆసియా నలికిరులెన్నియో అందే కాపురముండెను. 2002లో జన్యుపరిశోధన ఆధారముగ దానిని నాలుగుగ పంచి, ఫిట్జింగరు 1843లో పెట్టిన యూట్రోపిస్ నామమును ఆసియావానికి ఒసంగిరి. శర్మగారి నాగార్జున నలికిరికిని ఆ యింటిపేరే సంక్రమించినది. 2012లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ, ఉస్మానియా విశ్వవిద్యాలయముల పరిశోధకులు కలసి ప్రకటించిన వంశవృక్షమునుబట్టి, వీని పూర్వులు ఆగ్నేయాసియానుండి భారతమునకు వచ్చి, ఇచ్చట శాఖోపశాఖలుగ విస్తరిల్లినవి. ఒక గడ్డిపరక చాటున దాగు ప్రాణికి ఇంతటి ప్రయాణచరిత్ర కలదనుట ఎంత విస్మయకరము! పిమ్మట 2019లో, రియోపాను తనలో కలుపుకొనియుండిన లైగోసోమా అను మఱొక పెద్ద ప్రజాతిని విడదీయగా, మన యెఱ్ఱతోక పిల్ల, గ్రే 1839లో కల్పించిన రియోపా నామమునకే తిరిగి వచ్చినది.