బరువు తేడా వస్తే బహిష్టు ఎందుకు తప్పుతుంది?

బహిష్టు ఆగిందనో, నెలకు రెండుసార్లు అవుతోందనో ఆసుపత్రికి వచ్చే తల్లులను మేము ముందుగా బరువు మిషను ఎక్కమంటాము. "ముట్టు గురించి చెబుతుంటే బరువెందుకమ్మా?" అని కొందరు విసుక్కుంటారు. వారికి చెప్పే జవాబే ఇక్కడ వ్రాస్తున్నాము.

నెలసరికి గర్భసంచి ఒక్కటే చాలదు. మెదడు నుండి సంకేతం రావాలి, దానినందుకుని అండాశయం అండాన్ని విడుదల చేయాలి. గర్భం నిలిస్తే మోయడానికి ఒంట్లో సత్తువ ఉందా లేదా అని మెదడు ఎప్పుడూ లెక్క చూసుకుంటూనే ఉంటుంది. తిండి, కొవ్వు నిల్వ బాగా తగ్గితే సంకేతాన్ని తగ్గించేస్తుంది. గంజి తాగి పొలానికి పోయి, ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే తల్లికీ, పెళ్ళిచూపులకు సన్నబడాలని అన్నం మానేసిన అమ్మాయికీ బహిష్టు ఆగిపోవచ్చు. వీరికి టానిక్కు కంటే ముందు కడుపునిండా తిండి కావాలి.

లావైనవారిలో జరిగేది వేరు. కొవ్వు ఊరకే పడి ఉండదు, అదీ ఈస్ట్రోజన్ అనే హార్మోనును తయారుచేస్తుంది. అండం విడుదల కాని నెలల్లో కూడా ఆ హార్మోను గర్భసంచి లోపలి పొరను మందంగా పెంచుతూ పోతుంది. రెండు మూడు నెలలు ఏమీ కనబడదు, తరువాత ఒక్కసారిగా గడ్డలు గడ్డలుగా పోతుంది. ఏళ్ళ తరబడి ఇలాగే వదిలేస్తే ఆ పొరలో క్యాన్సరు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఒళ్ళు చేసిన మనిషికి రక్తం బాగా ఉంటుందనుకోవడం పొరపాటు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 36 మంది అధిక బరువువారు, 59 మంది రక్తహీనులు. రెండూ ఉన్నవారు తక్కువేమీ కాదు.

కు.ని. ఆపరేషన్ వల్లే లావయ్యామని, ముట్టు చెడిందని చాలామంది అంటారు. ఆ ఆపరేషనులో నాళాలను మాత్రమే మూసివేస్తారు. హార్మోన్లనిచ్చే అండాశయాలు అలాగే ఉంటాయి. థైరాయిడ్ తగ్గితే మాత్రం బరువు పెరగడం, ఎక్కువ పోవడం రెండూ కలిసి రావచ్చు. అందుకే ఆ రక్తపరీక్ష వ్రాస్తాము. స్కానింగులో "నీటిబుడగలు" అని వ్రాసి ఉంటే భయపడకండి, అవి కణితులు కావు. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, తప్పే బహిష్టు కలిసి ఉంటే పి.సి.ఓ.ఎస్. కావచ్చు. ఇది సన్నగా ఉన్నవారికీ వస్తుంది.

మాకు ఎక్కువ బాధ కలిగించేది మరొకటి. బాధ పడలేక "గర్భసంచి తీసేయండి" అని ముప్ఫై అయిదేళ్ళకే అడుగుతారు. 2015-16 సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో ఈ ఆపరేషను అయినవారు దేశంలో నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. కొందరికి అది తప్పనిసరే. చాలామందికి మందులతో, బరువు తగ్గడంతో కుదుటపడుతుంది. 70 కిలోలున్నవారు మూడున్నర నుండి ఏడు కిలోలు తగ్గినా చాలాసార్లు నెలసరి దారిలో పడుతుంది. అయిదడుగుల తల్లికి 43 నుండి 53 కిలోలు మంచి బరువు. మూడు పూటలా అన్నమే కాకుండా ఒక పూట చోడి అంబలి, పప్పు, ఆకుకూర తీసుకోండి. రోజూ అరగంట గబగబా నడవండి. ఉపవాస ప్రార్థన ముగిశాక రెండు పూటల భోజనం ఒకేసారి తింటే బరువు తగ్గదు!

మార్కు సువార్త 5వ అధ్యాయంలోని స్త్రీ పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడి, జనంలో వెనుకనుండి వచ్చింది. మీరు అన్నాళ్ళు ఆగవద్దు. గర్భం లేకుండా మూడు నెలలు రాకపోయినా, వారం దాటి పోతున్నా, గంటకొక గుడ్డ తడుస్తున్నా రండి. ముట్లుడిగాక ఒక్క చుక్క కనబడినా వెంటనే రావాలి. వచ్చేటప్పుడు గడచిన మూడు నెలల తేదీలు కాగితం మీద వ్రాసి తెచ్చుకోండి.