51 పెగాసీ బి

51 పెగాసీ బి సూర్యుని వంటి నక్షత్రం చుట్టూ తిరుగుతున్నట్లు ధ్రువపడిన మొట్టమొదటి గ్రహం. ఇది భూమికి సుమారు 50 కాంతి సంవత్సరాల దూరంలో, పెగాసస్ నక్షత్రమండలంలో ఉన్నది. పంచాంగాలలోని పూర్వాభాద్ర తారలు రెండింటి నడుమ, కొంచెం పడమరగా దీని మాతృనక్షత్రం మసకగా కనిపిస్తుంది.

1995లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు మిషెల్ మేయర్, డిడియే కెలో ఫ్రాన్సులోని ఓట్-ప్రొవాన్స్ వేధశాల నుండి దీనిని కనుగొన్నారు. వారు గ్రహాన్ని నేరుగా చూడలేదు. గ్రహపు ఆకర్షణ వలన నక్షత్రం కూడా స్వల్పంగా ఊగుతుంది. అది మనవైపు వచ్చునపుడు వర్ణపట రేఖలు నీలం వైపునకు, దూరమగునపుడు ఎరుపు వైపునకు జరుగుతాయి. ఇక్కడ ఆ ఊపు వేగం సెకనుకు 60 మీటర్ల లోపే.

గ్రహపు ద్రవ్యరాశి బృహస్పతిలో దాదాపు సగం, అయినా దాని సంవత్సరం 4.23 రోజులు మాత్రమే! సూర్యునికి బుధుడున్న దూరంలో ఇది ఏడవ వంతు దూరాన తిరుగుతున్నది. అంత వేడిలో మహాగ్రహం రూపొందడం అసాధ్యమని భావించేవారు కనుక సందేహాలు వచ్చాయి. అమెరికాలోని లిక్ వేధశాల పరిశీలనలు వెంటనే దీనిని సమర్థించినా, నక్షత్రమే స్పందిస్తున్నదని 1997లో డేవిడ్ గ్రే వాదించి, 1998లో తానే ఆ వాదనను విరమించారు. దూరాన పుట్టిన గ్రహం వాయుచక్రంలో క్రమంగా లోపలికి జరిగిందన్నది ఎక్కువమంది అంగీకరించే వివరణ. నిజానికి ఇటువంటి గ్రహాలు ఉండవచ్చునని ఆటో స్ట్రూవ్ 1952లోనే సూచించినా, పట్టించుకున్నవారు తక్కువ.

2015లో దీనికి డిమిడియం అని పేరు పెట్టారు; లాటిన్‌లో సగం అని అర్థం. 2019 భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో సగభాగం మేయర్, కెలోలకు లభించింది.