ఒడలు మరువని భయము

2004 డిసెంబరు 26వ తేదీ ఉదయము తమిళనాడు తీరమును సునామీ ముంచివేసిన సంగతి మన పాఠకులలో పలువురికి నేటికీ జ్ఞాపకమే. ప్రాణములతో మిగిలినవారికి బియ్యము, బట్టలు ఎవరో ఒకరు ఇవ్వగలరు. నిద్ర ఇచ్చేదెవరు? ఆపద తప్పినది గదా అని ఇరుగుపొరుగు నచ్చజెప్పితే మనస్సు ఒప్పుకున్నా ఒడలు ఒప్పుకోదు. అలల చప్పుడుకే గుండె దడదడలాడును.

భయము కలిగినప్పుడు గుండె వేగము హెచ్చుట, కండరములు బిగియుట సహజమే. కొందరిలో అవి నెలల తరబడి సద్దుమణగవు. గుండె మన ఆజ్ఞ వినదు. ఊపిరి మాత్రము కొంత వినును. దానిని మెల్లగా, దీర్ఘముగా విడిచినచో గుండె కూడా నెమ్మదించును.

నాగపట్టణము శిబిరములలో సునామీ వచ్చిన ఎనిమిది నెలలకు 183 మందిని పరిశీలించి, ఫలితములను 2010లో ప్రకటించినారు. కొందరికి యోగశ్వాస మాత్రమే నేర్పినారు. కొందరికి దానితోపాటు జరిగినదంతా ఒకరి ఎదుట చెప్పుకునే చికిత్స కూడా చేసినారు. మిగిలినవారిని ఆరు వారములు ఆగమన్నారు. ఆ గడువు తీరేసరికి మొదటి రెండు జట్లలోను బాధ ఎంతో తగ్గినది. ఆగినవారిలో తగ్గినది స్వల్పమే. విశేషమేమనగా, శ్వాసకు తోడు కథంతా చెప్పుకున్నవారికి అదనముగా ఒరిగినది కానరాలేదు. నోరు పెగలని తల్లిని "చెప్పు, చెప్పు" అని వేధించే బంధువులు ఈ మాట గమనించవలెను.

అమెరికాలో 2014లో వెలువడిన మరొక పరిశీలనలో, ఇతర చికిత్సలకు లొంగని బాధ గల 64 మంది స్త్రీలు పాల్గొన్నారు. పది వారములు యోగము చేసిన 31 మందిలో 16 మందికి ఆ రోగలక్షణములు రోగమనదగిన స్థాయి నుండి దిగినవి. ఆరోగ్య పాఠములు మాత్రమే విన్న 29 మందిలో అట్లు దిగినది ఆరుగురికే.

అయితే ఇందులో గురువుగారి గద్దింపు పనికిరాదు. కళ్లు మూసుకొమ్మని బలవంతపెట్టరాదు. మూసిన కళ్ల వెనుకనే కొందరికి ఆ దృశ్యము నిలుచును. ఉప్పునీరు మింగి బయటపడ్డవారిని ఊపిరి బిగబట్టమనుట మాకు సబబుగా తోచదు. కుర్చీలో కూర్చుండి, పాదముల క్రింద నేల తగులుటను గమనిస్తూ, నాలుగు లెక్కించువరకు పీల్చి ఆరు లెక్కించువరకు విడిచిన చాలును. కలవరము హెచ్చితే ఆపివేయవలెను.

నెల దాటినా నిద్ర పట్టకున్నా, బ్రతుకుపై విరక్తి మాటలు వచ్చినా వైద్యుని చూడవలెను. మందులు వాడుతూ కూడా దీనిని సాగించవచ్చును. ప్రభుత్వమువారు 2022లో నెలకొల్పిన టెలి మానస్ 14416 సంఖ్యకు ఫోను చేసి, ఏ రాష్ట్రములో ఉన్నా, తెలుగు కావలెనని అడగవచ్చును.