తూము మొరాయించిన గొంతు

ముల్లు ఇరుక్కుందా? అన్నం ముద్ద నమలకుండా మింగు! కంభం చెరువు చేప వండుకున్న ప్రతి ఇంటా దొరికే ఉచిత సలహా ఇది. అదీ కుదరకపోతే మంత్రించిన నీళ్లు. చాలాసార్లు ముల్లు దానంతటదే జారిపోతుంది, పేరు మాత్రం మంత్రానికి వస్తుంది. కానీ కొందరు పెద్దవాళ్ల గొంతులో, దారికి పక్కగా, ఎంత తోసినా కిందికి దిగని చోటొకటి ఉంటుంది.

కంభం చెరువునే చూడండి. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా, రెండు కొండల నడుమ కట్టిన గట్టు. నిండు చెరువుకు తూము వేళకు తెరుచుకోకపోతే ఒత్తిడంతా గట్టు మీదే. మట్టి ఎక్కడ పలుచగా ఉంటే అక్కడ ఉబ్బుతుంది. అన్నవాహిక మొదట్లోనూ అలాంటి తూముంది. ఎప్పుడూ బిగిసి ఉండే ఆ కండరం గుటక వేసినప్పుడే వదులవుతుంది. వయసు మీదపడ్డాక కొందరిలో అది సరిగా వదలదు. గుటక గుటకకూ ఒత్తిడి పెరిగి, సరిగ్గా దాని పైన, వెనకవైపు, కండరం పలుచగా ఉన్న చోట లోపొర బయటికి తోసుకొచ్చి ఏళ్ల తరబడి సంచిలా సాగుతుంది. 1769లోనే లడ్లో అనే ఇంగ్లీషు సర్జన్ దీని గురించి రాసినా, 1877లో చాలా కేసులు కూర్చి వివరించిన జర్మన్ వైద్యుడు జెంకర్ పేరే నిలిచింది.

ఇక పూడిక. సంచిలో మెతుకులు, మాత్రలు, ముళ్లు, పండ్ల గింజలు చేరతాయి. రాత్రి తిన్నది పొద్దున అరగకుండానే నోట్లోకొస్తుంది. నోటి దుర్వాసన, పడుకుంటే దగ్గు, నీళ్లు తాగితే మెడలో గుడగుడ. ఇంట్లోవాళ్లు పైత్యమని సరిపెడతారు. ఇలాంటివాళ్లతో ముద్ద మింగిస్తే అది సంచిలోకే పోయి, ముల్లును ఇంకా అడుక్కి నెట్టవచ్చు.

బేరియం తాగించి ఎక్స్‌రే తీస్తే సంచి బయటపడుతుంది. ఈ సంగతి తెలియకుండా ఎండోస్కోపీ గొట్టం తోస్తే సంచికి చిల్లు పడొచ్చు. చికిత్స మాత్రం తూముకే. నోటి గుండా పరికరం పంపి, సంచికీ అన్నవాహికకూ నడుమ ఉన్న గోడను, అందులోని కండరంతో సహా కోస్తారు. అడ్డు తొలిగాక తిన్నది సంచిలో నిలవకుండా కిందికి దిగుతుంది.

ముల్లు గుచ్చుతుంటే ముద్దల జోలికి పోకుండా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. అరవై దాటినవాళ్లయితే, రాత్రి తిన్నది పొద్దున నోట్లోకొస్తోందన్న మాట కూడా దాచకుండా చెప్పండి.