గాజుతొట్టిలో ఏటికఱ్ఱ

గృహమున నొక ప్రాణిని పెంచుట వేడుక మాత్రమే కాదు. అది యొక పూచీ. ఆవు ఆకలిగొన్నచో అంబా యని పిలుచును. పిల్లి పాలగిన్నె చుట్టు తిరుగును. చిలుక పంజరపు ఊచలను ముక్కుతో పొడుచును. చేప మాత్రము తన కష్టమును చెప్పజాలదు. ఏటిలోని చేప తానున్న చోటి నీరు చెడినచో మఱియొక మడుగునకు ఈదిపోగలదు. గాజుతొట్టిలోని చేపకు ఆ దారియు లేదు. మనకు గాలి యెట్టిదో దానికి ఆ తొట్టి నీరట్టిది. కావున అందులో నేమి వేయుచున్నామో వేయుటకు ముందే యోచింపవలెను. అట్టి వస్తువులలో నొకటియగు కఱ్ఱను గుఱించి మేమీ వ్యాసమున ముచ్చటింపదలచితిమి.

నేడు పట్టణములలోనే కాక పెద్ద గ్రామములలో గూడ గాజుతొట్టెలు గల యిండ్లు కానవచ్చుచున్నవి. కోరి తెప్పించుకొనువారు పిల్లలు. నాలుగు దినములు చూచి మఱచువారును తఱచు వారే. మేత వేయుట, నీరు మార్చుట తుదకు గృహిణి వంతునకు వచ్చును. తొట్టి బోసిగా నున్నదని యెవరో చెప్పగా, నది యొడ్డుననో తోటలోనో దొరికిన వంకరకఱ్ఱ నొకదానిని కడిగి అందులో నుంచుటయు కలదు. మొదటి దినమున అది మిక్కిలి యందముగా నుండును. రెండవనాటికి నీరు మసకబారును. మూడవనాటి యుదయమున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచుచుండును. సాయంకాలమునకు పిల్లలు ఏడ్చుచుందురు. ఎవరును విషము పెట్టలేదు. తొందర మాత్రమే యీ పని చేసినది.

చేపలతొట్టి చరిత్ర ఓర్పుతోనే మొదలైనది. ఆ ఓర్పు ఒక స్త్రీదగుట మన సోదరీమణులకు సంతోషము కలిగింపగలదు. ఫ్రాన్సు దేశమున 1794 లో ఒక చెప్పులు కుట్టువాని యింట జన్మించిన జాన్ విల్‌ప్రో-పవర్ అను నామె పారిసు నగరమున బట్టలు కుట్టి, అల్లికపని చేసి పేరు గాంచెను. వివాహానంతరము సిసిలీ ద్వీపమందలి మెస్సీనా పట్టణమున కాపురముండి, సముద్రజీవులను ప్రాణముతో నుంచి పరిశీలించుటకై 1832 లో గాజుతొట్టెలను చేయించెను. ఆర్గొనాటు అను జలచరము తన చిప్పను ఇతర జీవినుండి అపహరించునా, తానే నిర్మించుకొనునా యని పండితులు వాదులాడుచుండగా, తానే నిర్మించుకొనునని ఆమె దినదినము చూచి నిరూపించినది. సూది పట్టిన చేతి నిదానమే ఆమెకు శాస్త్రమున తోడ్పడినదని మేము తలంతుము. కఱ్ఱను సిద్ధపఱచుటకును ఆ నిదానమే కావలెను.

కఱ్ఱవలన ప్రయోజనమేమి?

కఱ్ఱ అలంకారము కొఱకే యని తలంపరాదు. ఏళ్లలోను చెఱువులలోను చేపలు ఒడ్డునగల చెట్ల వేళ్ల నడుమ, పడిపోయిన కొమ్మల క్రింద తలదాచుకొనును. దాగుటకు చోటున్న చేప ధైర్యముగా తిరుగును. చోటులేనిది బెదరి బెదరి చిక్కిపోవును. నీటిలోని మలినమును విఱిచి హానిలేని దానిగా మార్చు సూక్ష్మజీవులు కఱ్ఱ గరుకుపైని నివసించును. జావాఫెర్ను, అనూబియాసు వంటి మొక్కలను మట్టిలో పాతక కఱ్ఱకు దారముతో కట్టినచో వేళ్లు దానినే పట్టుకొని పెరుగును. దక్షిణ అమెరికా ఖండపు పానాకే అను చేపలు కఱ్ఱనే గీఱి తినుచుండును.

ఎట్టి కఱ్ఱ తగును?

ఎండి, గట్టిపడి, తనలోని పసరునంతయు విడిచిన కఱ్ఱయే తగును. దుకాణములవారు డ్రిఫ్ట్‌వుడ్ అని అమ్మునది ఇట్టిదే. ఏటిలో చిరకాలము నాని ఒడ్డున నెండిన కఱ్ఱ కావున మనము దీనిని ఏటికఱ్ఱ యందము. వానిలో ఆఫ్రికా ఖండపు మోపానీ కఱ్ఱ బరువైనది, త్వరగా మునుగును, కాని రంగు మిక్కుటముగా విడుచును. స్పైడర్‌వుడ్ అను సన్నని కొమ్మల కఱ్ఱ తేలికయైనది, చాల దినములు తేలుచుండును. కొనుటకు శక్తి లేనివారు మందు చల్లని పెరటిలోని జామకొమ్మను, చెట్టుననే యెండినదానిని, బెరడు తీసి వాడుకొనవచ్చును.

పచ్చికఱ్ఱ ఏల పనికిరాదో తెలిసికొనుట మంచిది. పచ్చికఱ్ఱ పసరులో చక్కెర యుండును. అది నీటిలోనికి దిగగానే సూక్ష్మజీవులు దానిని తిని వేలకు వేలుగా వృద్ధి చెంది, నీటిలోని ప్రాణవాయువును హరించివేయును. చేపలు నోళ్లు తెఱచుట ఇందువలననే. గోదావరికి వరదలు వచ్చినపుడు భద్రాచలము మొదలు రాజమహేంద్రవరము వఱకు ఒడ్డువారు దుంగలను వంటచెఱకునకై లాగుకొందురు. చూచుటకు అవియు ఏటికఱ్ఱలే. కాని వానిలో ననేకము మొన్నటి గాలికి కూలిన పచ్చిచెట్లు. వానిని నెలల తరబడి నీడను ఆరబెట్టి, చేతికి తేలికగా తోచిన పిమ్మటనే యోచింపవలెను. పొలములకు చల్లిన మందులు, నూనెలు, మురికికాలువల నీరు తగిలిన కఱ్ఱ ఎంత యెండినను తగదు. ఎంత యుడికించినను ఆ విషములు పూర్తిగ పోవు.

వేప, గన్నేరు, జిల్లేడు చేపలకు హానికరములు. జిగురు కాఱు దేవదారు, పైను కఱ్ఱలును, సరకుల పెట్టెల చెక్కయు, ప్లైవుడ్డును వలదు. సముద్రతీరమున దొరకిన కఱ్ఱలో ఉప్పు ఇమిడియుండును గనుక మంచినీటిలో మఱి యెక్కువకాలము నాన్పవలెను. మడచెట్ల వేళ్లు ఎంత చక్కనివైనను వానిని కోసి తేరాదు. అవి తీరమును తుపానులనుండి కాపాడునవి. కాకినాడ చెంత 1978 లో ఏర్పడిన కోరింగ అభయారణ్యము వంటి చోట్ల అనుమతి లేక ఎండుకఱ్ఱను తెచ్చుటయు చట్టవిరుద్ధమే.

కఱ్ఱను పరీక్షించుట సులభము. గోటితో నొక్కి చూడుడు. గోరు దిగినచో లోపల కుళ్లినదని యర్థము. విఱిచిన చోట వాసన చూడుడు. ఘాటైన వాసన యున్నను, పుల్లని వాసన యున్నను దానిని పొయ్యిలో పెట్టుటయే మేలు.

శుద్ధి చేయు విధము

మొదట బెరడును, మెత్తని భాగములను కత్తితో గీఱివేయవలెను. పిమ్మట కొబ్బరిపీచుతోను కుంచెతోను మంచినీట గట్టిగా తోమవలెను. సబ్బుగాని, గిన్నెలు తోము పొడిగాని తాకింపరాదు. కఱ్ఱ వానిని పీల్చుకొని చేపల నీటిలో కొంచెము కొంచెముగా విడుచును. మొనదేలిన కొనలను గరుకుకాగితముతో రుద్ది నున్న చేయవలెను. తోక పొడవైన చేపలకు ఒక్క ముల్లు చాలును, ఱెక్క చీలుటకు.

తరువాత ఉడికింపవలెను. వంటకు వాడని పాత డేగిసా నొకదానిని ఇందులకు కేటాయించుట మంచిది. కఱ్ఱ మునుగునట్లు నీరు పోసి, సలసల కాగునపుడు గంట మొదలు రెండు గంటల వఱకు ఉంచవలెను. నీరు తగ్గినకొలది వేడినీరే పోయవలెను. ఆ నీరు ముదురు కషాయమువలె నగును. దానిని పాఱబోసి, క్రొత్తనీటితో మఱల ఉడికింపవలెను. ఇట్లు రెండు మూడు మారులు చేసినచో పైనున్న పురుగులు, గ్రుడ్లు, బూజు నశించును. లోని గాలి వెడలి కఱ్ఱ బరువెక్కును. అంతకు మించి ఉడికించుటవలన నార మెత్తబడునే గాని మేలు లేదు. ఉడికిన కఱ్ఱ లోపల చాలసేపు వేడినీరుండును గనుక చల్లారకముందు చేతితో తీయరాదు. పిల్లలను ఆ దాపునకు రానీయరాదు.

డేగిసాలో పట్టని పెద్దకఱ్ఱపై సలసల కాగిన నీటిని పలుమారులు పోసి, పిమ్మట తొట్టిలోనో పీపాలోనో నాన్పవలెను. ఉడికించిన చిన్నకఱ్ఱనైనను వారము మొదలు రెండు వారములు నాన్పుట యుచితము. పెద్దదానికి మూడు నాలుగు వారములు పట్టును. ప్రతిదినము నీరు మార్చుచుండవలెను. ఇందు ఇంటివారి యారోగ్యమును గలదు. కదలని నీటిలో దోమ గ్రుడ్లు పెట్టును. వారము పది దినములలో అవి దోమలై లేచును. నీరు మార్చుటయే కాక, పీపాపై పలుచని గుడ్డ కట్టుటయు మఱువరాదు.

నీటి రంగు దినదినము పలుచనై, కఱ్ఱ తనంతట మునిగి యున్నచో పని ముగియవచ్చినదని తెలియవలెను. అప్పటికిని తేలుచున్నదానిని రాతిపలకకు తుప్పు పట్టని స్టీలు మరతో బిగింపవచ్చును. రాతిని ఎన్నుటలో నొక సూక్ష్మము కలదు. మన యిండ్లలో పఱచు బేతంచెర్ల, తాండూరు నాపరాళ్లు సున్నపురాతి జాతివి. అవి తొట్టి నీటిలో మెల్లగా కరగి నీటిని కఠినము చేయును. వినెగారు చుక్క వేసి చూచినచో పొంగునది సున్నపురాయి. పొంగని నల్లరాయి మేలు.

తొట్టిలో నుంచిన పిమ్మట

కఱ్ఱను గాజుపలకల నడుమ ఇఱికింపరాదు. నీట నానిన కఱ్ఱ ఉబ్బును, గాజు పగులును. అన్ని వైపుల వ్రేలు దూరునంత చోటు విడువవలెను.

కఱ్ఱ పెట్టిన కొన్నాళ్లకు తెల్లని జిగురు దానిపై దూదివలె పట్టుట కలదు. చాలమంది దీనికి భయపడి కఱ్ఱను పాఱవేయుదురు. ఇది సామాన్యముగా హాని చేయదు. రెండు మూడు వారములలో తగ్గును. పండ్లపొడి యంటని క్రొత్త బ్రష్షుతో తుడిచివేయవచ్చును; నత్తలును చిన్నరొయ్యలును దానిని తినును. కాని కఱ్ఱ నల్లబడి కుళ్లిన గ్రుడ్ల వాసన కొట్టినచో ఆ క్షణముననే తీసివేసి, నీటిని చాలవఱకు మార్చవలెను.

నీరు తేనీటి రంగునకు తిరుగుటయు కలదు. అది కఱ్ఱలోని టానిను అను పదార్థము, మురికి కాదు. దక్షిణ అమెరికా రియోనీగ్రో నది నీరు స్వభావముచేతనే ఇట్టి రంగు గలది; అందు వేలకొలది చేపలు సుఖముగా నున్నవి. టెట్రాలకును, థాయిలాండు దేశపు బెట్టా చేపలకును ఇట్టి నీరు ప్రీతికరము. గప్పీలు, మోలీలు మాత్రము కొంచెము కఠినమైన నీటినే కోరును. వానికి చిన్నకఱ్ఱ చాలును. రంగు నచ్చనివారు వారమున కొకమాఱు మూడవవంతు నీరు మార్చినచో క్రమముగ తగ్గును. పురపాలకపు కొళాయి నీటిని వెడల్పైన పాత్రలో ఒక దినము నిలువయుంచినచో సామాన్యముగా క్లోరిను వెడలిపోవును, తిన్నగా పోయరాదు.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గల తొట్టిలో పట్టు నీరు సుమారు 55 లీటర్లు. అనగా మూడు నాలుగు బాల్చీలు మాత్రమే. గోదావరిలో పడిన కఱ్ఱ పసరును గోదావరి లెక్క చేయదు. మూడు బాల్చీల నీరు లెక్క చేసి తీఱును. నది సంవత్సరములు పట్టి చేయు శుద్ధిని మనము కొన్ని వారములలో చేతులార చేయుచున్నాము. ఆ వారములలో ఒక్కదానిని తగ్గించినను ఆ కొఱత చేపపై పడును.

ఈ పనిలో పిల్లలను గూడ చేర్చుకొనుడని మా మనవి. కుంచెతో తోముట, నాన్పిన నీరు మార్చుట, దినదినము రంగు చూచి పలకపై వ్రాసికొనుట వారు చేయగలరు. తొట్టి కొనిన నాడు కలుగని బాధ్యత, మూడు వారములు కాచుకొనిన నాడు తనంతట కలుగును. అప్పుడు కఱ్ఱ క్రిందనుండి వెలుపలికి వచ్చు చిన్నచేపను చూచి వారు ఆనందింతురు. మేత వేయు వంతును, నీరు మార్చు వంతును తల్లికి విడువక తామే అడిగి పుచ్చుకొందురు.