కాలువ నీటికి పట్టిక వైద్యం

రోగుల నాడి చూసుకోవలసిన డాక్టర్లకి పంటకాలువల లెక్కలతో ఏమి పని అని పాఠకులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇంతమంది ఇంజనీర్లు, కంప్యూటరు నిపుణులు ఉన్న మన సంఘంలో ఈ వ్యాసం వ్రాయవలసినవారం నిజానికి మేము కాదు. అయితే ఈ లెక్కలో పొరపాటు చేసినవాళ్ళం మేమే కనుక, ఆ సంగతి మేమే చెప్పుకోవటం మర్యాద అనిపించింది.

మా ఊరు ప్రకాశం జిల్లాలో ఒక మైనరు కాలువకి చిట్టచివర ఉన్నది. అక్కడి మా పొలం బాబాయి సాగు చేస్తున్నాడు. ఒక రాత్రి ఆయన ఫోను చేసి, "అబ్బాయీ, మన తూముకి నీళ్ళు అందటం లేదు. బోరన్నా వేయించు, లేదా అమ్మేద్దామని చెప్పు. ఏదో ఒకటి తేల్చు" అన్నాడు. బోరు వేసినా నీరు పడుతుందన్న నమ్మకం లేదు. తాతగారి నాటి పొలం అమ్మటానికి మనసొప్పదు. "ఎంత నీరు వస్తోందో ఎక్కడైనా వ్రాసి ఉందా?" అని అడిగాం. ఉంది. బాబాయి రోజూ తూము దగ్గర గేజి చూసి పిల్లల నోటుబుక్కులో వ్రాసిపెట్టాడు. పై తూముల లెక్క లస్కరు దగ్గర దొరికింది. రెండూ ఫోటోలు తీయించి పంపాడు. మేము వాటిని స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించాం.

స్ప్రెడ్‌షీట్ అంటే మన తాతల నాటి జమాఖర్చుల పుస్తకమే, కాకపోతే కూడికలు తనే చేసుకుంటుంది. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు ఈ అమెరికాలోనే విసికాల్క్ పేరుతో దీన్ని చిన్న కంప్యూటర్ల మీదకు తెచ్చారు. ఒక గడిలో అంకె మారిస్తే దానిమీద ఆధారపడిన గడులన్నీ వాటంతట అవే మారతాయి. ఆస్పత్రిలో నర్సు రోగి మంచం దగ్గర వ్రాసే చార్టు, అదే ఎంత ద్రవం లోపలికి వెళ్ళింది, ఎంత బయటికి వచ్చింది అనే పట్టిక, మాకు రోజూ చూసేదే. కాలువ లెక్క కూడా అచ్చంగా అదే.

ముందు కొలతలు. సెకనుకి ఒక ఘనపు అడుగు నీరు పారితే ఒక క్యూసెక్కు. అలా రాత్రింబవళ్ళు పారితే ఎకరం నేలమీద దాదాపు రెండడుగుల నీరు నిలుస్తుంది. వరికి రోజుకి అంగుళంలో మూడోవంతు కావాలనుకుంటే, ఒక క్యూసెక్కు సుమారు 70 ఎకరాలను పోషిస్తుంది.

ఇదే లెక్క పెద్ద ప్రాజెక్టుకి వేసి చూడండి. నాగార్జునసాగరుకి 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. కృష్ణా జలాల మీద బచావత్ ట్రిబ్యునలు సాగరుకి 281 టి.ఎం.సి.లు కేటాయించింది. అందులో 17 ఆవిరికి పోగా మిగిలినవి 264. రెండు కాలువల కింద ఆయకట్టు సుమారు 22 లక్షల ఎకరాలు. భాగించి చూస్తే ఎకరానికి రెండుముప్పావు అడుగుల నీరు వస్తుంది. అదీ కాలువ మొదట్లో కొలిస్తే. దారిలో ఇంకిపోయేది ఇందులోనుంచే పోవాలి. ఆరుతడి పంటలకని కేటాయించిన భూముల్లో ఎగువ రైతులు వరి నాటితే దిగువకి ఏం మిగులుతుందో చెప్పటానికి కంప్యూటరు అక్కరలేదు. కాని ఎవరికి ఎంత తగ్గింది, ఏ వారంలో తగ్గింది అని చెప్పటానికి మాత్రం పట్టిక కావాలి.

కాలువ పనితీరుకి అడగవలసిన ప్రశ్నలు ముఖ్యంగా మూడు. కావలసినంత నీరు అందిందా? అందరికీ సమంగా అందిందా? వేళకి అందిందా? 1990లో మోల్డెన్, గేట్స్ అనే పరిశోధకులు వీటిని అంకెల్లో కొలిచే పద్ధతిని ప్రచురించారు. సూత్రాలు పాఠశాల గణితమే. అందిన నీటిని కావలసిన నీటితో భాగించటం, తూముకీ తూముకీ మధ్య, వారానికీ వారానికీ మధ్య హెచ్చుతగ్గులు చూడటం, అంతే.

లెక్క తేలిక కోసం ఊహించిన అంకెలతో ఒక ఉదాహరణ చెబుతాం. ఒక కాలువకి నాలుగు తూములు. ప్రతి తూముకీ 100 పాళ్ళ నీరు కావాలి. మొదటిదానికి 150, రెండోదానికి 120, మూడోదానికి 80, చివరిదానికి 50 అందాయి. సగటు 100. ఆఫీసు కాగితం మీద కాలువ నిక్షేపంగా ఉన్నట్టే. వార్డులో ఒక రోగికి లీటరున్నర సెలైను, మరొకరికి అరలీటరు ఎక్కించి, సగటున లీటరు ఇచ్చామని చెప్పే డాక్టరును మీరు ఏమంటారు?

ఇక మా పొరపాటు. ఆ చివరి తూముకే నాలుగు వారాల లెక్క ఇలా ఉన్నదనుకోండి: 90, 90, మూడో వారం ఖాళీ, నాలుగో వారం 20. సగటు తీయమంటే కంప్యూటరు ఖాళీ గడిని వదిలేసి మిగిలిన మూడింటికే లెక్క కట్టి 67 అంటుంది. ఆ ఖాళీ చోట నీళ్ళే రాలేదని తెలిసి సున్నా వేస్తే 50 అంటుంది. బాబాయి పుస్తకంలో నీళ్ళు రాని రోజున గడి ఖాళీగా వదిలేశాడు. రాని నీటికి వ్రాసేదేముందని ఆయన ఉద్దేశం. ఆ కొరత రోజులన్నీ మా పట్టికలోనుంచి జారిపోయాయి. మేము ఫోను చేసి, "నువ్వనుకున్నంత అధ్వాన్నంగా లేదు బాబాయ్, ఫరవాలేదే" అన్నాం.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరేలే, చదువుకున్నవాడివి. పైరు మాత్రం ఎండిపోయింది" అని ఫోను పెట్టేశాడు.

ఆ మాట మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. రోగి బాధగా ఉందంటుంటే రిపోర్టు బాగానే ఉందని పంపేసే డాక్టర్లను మేము తప్పుపట్టినవాళ్ళమే. మర్నాడు పుస్తకం మళ్ళీ మొదటినుంచి చూశాం. ఒక్కొక్క ఖాళీ గురించి బాబాయిని అడిగాం. చాలావరకు నీళ్ళు రాని రోజులు. కొన్ని ఆయనకి జ్వరం వచ్చి కాలువ మీదకి వెళ్ళని రోజులు. మొదటివాటికి సున్నా వేశాం. రెండోవాటికి "చూడలేదు" అని వ్రాశాం. అప్పుడు అసలు జబ్బు బయటపడింది. సీజను మొత్తం మీద మా తూముకి నీరు తక్కువే గాని, చంపింది ఆ కొరత ఒక్కటే కాదు. పైరు పొట్టమీద ఉన్న వారాల్లో తూము దాదాపు ఎండింది. కోతల ముందు, అక్కరలేనప్పుడు, నీరు వచ్చింది.

ఆ పట్టికని ఒక్క కాగితం మీదకి తెచ్చి పంపాం. అడ్డంగా వారాలు, నిలువుగా తూములు, తక్కువ నీరు అందిన గడులకు ఎర్రరంగు. బాబాయి దాన్ని నీటి వినియోగదారుల సంఘం సమావేశానికి తీసుకువెళ్ళాడు. 1997లో చట్టం చేసి ఈ సంఘాలు పెట్టింది రైతులు తమ కాలువని తామే చూసుకోవాలనే. ఎగువ రైతులు మొదట గట్టిగానే వాదించారట. అయితే అందులో వాళ్ళ అంకెలు కూడా లస్కరు వ్రాసినవే కనుక కాదనలేకపోయారు. పొట్టదశలో రెండు వారాలు చివరి తూమునుంచి వంతు మొదలుపెట్టాలని ఒప్పందమైంది. తర్వాతి పంటకి ఆ వేళకి ఒక తడి అందింది. ఒకటే తడి, కాని గింజ పట్టింది. బోరు వెయ్యలేదు, పొలం అమ్మలేదు.

కాలువ కష్టాలు తీరిపోయాయని మేము అనటం లేదు. పట్టిక నీరు పుట్టించదు. జలాశయంలో లేని ఏడు ఏ పట్టికా ఏమీ చెయ్యలేదు. ఉన్న నీరు ఎవరి వాకిట ఆగిందో మాత్రం చెప్పగలదు. అదైనా గేజి దగ్గరికి రోజూ నడిచే మనిషి ఒకడు ఉంటేనే.

మనలో చాలామందికి ఆయకట్టు కింద ఊళ్ళున్నాయి. బోరుకీ మోటారుకీ డబ్బు పంపేముందు, ఇంటివాళ్ళని ఒక్క సీజను నీటి లెక్క వ్రాయమనండి. తేదీ, గేజి, పైరు దశ, ఈ మూడూ చాలు. నీరు రాని రోజు సున్నా వెయ్యమనండి. చూడని రోజు చూడలేదని వ్రాయమనండి. పట్టిక వేసే శ్రమ మాకు వదలండి, ఆదివారాలు కూర్చుని వేసిపెడతాం. ఈసారి ఖాళీ గడులను మాత్రం అడక్కుండా వదలం.